గుంటూరు ఓటరు నొక్కిన రెండు మీటలు

1952 ఎన్నికల్లో ఓటు వేయడానికి అభ్యర్థికో పెట్టె ఉండేదని మా తెనాలి నాయనమ్మ చెప్పేది. "ఊరి పనికి ఒకడు, ఢిల్లీలో మాట్లాడేందుకు ఇంకొకడు. ఇద్దరూ ఒకే గూటివాళ్లు కావాలని ఎక్కడుందిరా?" అనేది.

1971లో లోక్‌సభ ఎన్నికలు ఏడాది ముందే జరిగాయి. మన ఆంధ్రప్రదేశ్ శాసనసభవి 1972లో. అంతకుముందు కలిసి జరిగిన ఆ జంట విడిపోయింది. 1999 నుంచి మళ్లీ కలిసే వస్తున్నాయి.

నన్ను కదిలించింది 2019 ఏప్రిల్ 11 పోలింగ్. ఎంపీకి తెల్ల కాగితం, ఎమ్మెల్యేకి గులాబీ కాగితం, పక్కపక్కనే రెండు యంత్రాలు. రాష్ట్రమంతా వైఎస్సార్ కాంగ్రెస్ (వైకాపా) గాలి: 175లో 151 స్థానాలు. గుంటూరు లోక్‌సభ పరిధిలోనూ, మా తెనాలితో సహా, ఏడు శాసనసభ స్థానాల్లో ఆరు ఆ పార్టీవే. ఎంపీగా మాత్రం తెలుగుదేశం అభ్యర్థి గల్లా జయదేవ్ 4,205 ఓట్లతో గెలిచారు! విజయవాడలోనూ ఇదే తీరు: ఆరు సెగ్మెంట్లు వైకాపావి, ఎంపీ మాత్రం తెలుగుదేశం నుంచి కేశినేని నాని.

ఇలా రెండు ఓట్లు రెండు పార్టీలకు వేయడాన్ని అయోమయం అనేవాళ్లతో నేను ఒప్పుకోను. పింఛను, కాలువ నీళ్లు, రేషన్ కార్డు కోసం తొక్కే గడప ఎమ్మెల్యేది. ఎంపీని చూసేది వేరే కంటితో: పార్లమెంటులో మన రాజధాని గురించి, ప్రత్యేక హోదా గురించి నిలదీస్తాడా అని. ఆ పోలింగ్ రోజు మా వీధిలో ఓ ముసలాయన వేలి సిరా చూపిస్తూ, "రెండు మీటలిచ్చారుగా, రెండుసార్లు ఆలోచించా" అన్నాడు.