తూకానికి దొరికే మద్రాసు

ఆదివారం పొద్దున్న ఏడున్నర. తాడేపల్లిగూడెం ఉల్లి మార్కెట్ అప్పటికే కిటకిటలాడుతోంది. కర్నూలు లారీల నుంచి బస్తాలు దిగుతున్నాయి. కాళ్ల కింద ఎండిన ఉల్లిపొట్టు గలగలమంటోంది. అది దాటి పక్క సందులోకి తిరిగితే పాత ఇనుము, పాత పేపర్ల కొట్టు. గుమ్మంలో కాటా, దాని పక్కన ప్లాస్టిక్ కుర్చీలో టీ గ్లాసుతో యజమాని.

"ఏం కావాలండీ?"

పుస్తకాలు అనకండి. ఆ మాట చెవిన పడగానే ధర మారిపోతుంది. "పాత పేపర్లేమన్నా ఉన్నాయేమో, చూద్దామనండీ" అంటే చాలు.

"ఆయ్, లోపలున్నాయండి. చూస్కోండి. కట్టలన్నీ విప్పి పడేయకండే."

రేకుల షెడ్డులోకి తల వంచి దూరతారు. పైన దినపత్రికలు, వాటి కింద ఇంటర్ గైడ్లు, బ్యాంకు పరీక్షల పుస్తకాలు. మీకు కావలసింది అడుగున ఉంటుంది. ఇంటి పెద్దాయన పోయాక పిల్లలు హైదరాబాదు నుంచో అమెరికా నుంచో వచ్చి బీరువా ఖాళీ చేస్తారు చూడండి, ఆ కట్ట. ముడి చూస్తేనే తెలిసిపోతుంది. కొట్టువాడు ప్లాస్టిక్ తాడు బిగిస్తాడు. ఇంట్లోవాళ్లు పురికొసతోనో పాత చీర అంచుతోనో కడతారు.

చీర అంచు ముడి విప్పుతారు. స్వాతి వారపత్రికల మధ్య నుంచి పల్చటి పుస్తకం ఒకటి జారి ఒళ్లో పడుతుంది. 'మాయాబజార్' పాటల పుస్తకం! అట్ట ఒక మూల చిరిగింది. పిన్నులు తుప్పుపట్టి గోధుమరంగు మరక లోపలి పేజీల దాకా దిగింది. అది మంచి గుర్తే. జిరాక్సు తీసి పాతదని అమ్మే వాటిలో మరక బొమ్మగా పడుతుందే గాని కాగితంలోకి ఇంకదు.

వెనక్కి తిప్పి ధర చూస్తారు. సినిమా విడుదలైంది 1957 మార్చి 27న. నయాపైసలు చలామణిలోకి వచ్చింది ఆ తర్వాత ఐదు రోజులకే, ఏప్రిల్ 1న. ధర అణాల్లో ఉంటే మొదటి విడుదల నాటి ప్రతి అని ఆశపడొచ్చు. మీ చేతిలో ఉన్నదాని మీద నయాపైసలున్నాయి. అంటే తర్వాతెప్పుడో మళ్లీ ఆడినప్పుడు వేసింది. అయినా వదలబుద్ధి కాదు.

పాత్రధారుల జాబితా మీద వేలు నడుస్తుంది. ఘటోత్కచుడు ఎస్.వి.రంగారావు. పుట్టింది నూజివీడు, 2022లో జిల్లాలు విడగొట్టాక అది ఏలూరు జిల్లాలోకొచ్చింది. లక్ష్మణకుమారుడు రేలంగి. ఆయన రేలంగి చిత్రమందిర్ కట్టిందీ, 1975లో కన్నుమూసిందీ మీరు చెమటలు కారుస్తూ కూచున్న ఈ గూడెంలోనే. కథాసంగ్రహం సరిగ్గా ముడి పడే చోట ఆగిపోయి, మిగతాది తెర మీద చూడమంటుంది. వెనకటికి అణా పెట్టి కొన్నవాడు అక్కణ్ణుంచి నేరుగా టిక్కెట్ల కిటికీ దగ్గరికి వెళ్లి ఉంటాడు.

పుస్తకాన్ని స్వాతిల మధ్యే దోపి, ఏమీ ఎరగనట్టు కట్ట మొత్తం కాటా మీద పెడతారు. యజమాని తాపీగా ఒక్కో పత్రికా ఎత్తి చూసి, పాటల పుస్తకం పక్కకు తీసి, మీ మొహంలోకి చూస్తాడు.

"ఇవి తూకానికండి. ఇది మాత్రం పుస్తకంగా."

మీకన్నా ముందు ఈ సందులోకి చాలామందే వచ్చి వెళ్లారు మరి.

ఏలూరు వెళ్లే పాసింజర్లో కిటికీ పక్కన చోటు దొరికింది. కైకరం, పూళ్ల, భీమడోలు, దెందులూరు. చుట్టూ అందరూ ఫోన్లు చూసుకుంటున్నారు. ఒకప్పుడు ఈ రైళ్లలో కాలక్షేపం కొవ్వలి లక్ష్మీనరసింహారావు నవల. 1912లో తణుకులో పుట్టిన కొవ్వలి వెయ్యికి పైగా నవలలు రాశారు. పల్చటి అట్ట, చవక కాగితం, దిగే స్టేషను వచ్చేలోగా పూర్తయ్యే కథ. వాటిని ఎవరూ బీరువాలో పెట్టి తాళం వేయలేదు. భారతం, భాగవతం భద్రంగా మిగిలాయి. చేతులు మారి నలిగిన కొవ్వలి నవల మాత్రం పొట్లాం కాగితమైపోయింది. ఎక్కువ మంది చదివిందే తక్కువ మిగులుతుంది. పాతపుస్తకాల వేటలో ధరలన్నీ ఈ ఒక్క సూత్రం మీదే నడుస్తాయి.

ఏలూరు పవర్‌పేటలో దిగి నడుస్తారు. ఎండ మాడ్చేస్తోంది. మీరు వెతుక్కుంటూ వచ్చిన అద్దె పుస్తకాల కొట్టు ఇప్పుడు ఫ్యాన్సీ కొట్టు. గాజులు సర్దుతున్న ఆవిడ "వెనక గదిలో ఉన్నాయి బాబూ, మా మావయ్యగారి కాలంనాటివి. దుమ్మే, చూసుకో" అని లైటు వేస్తుంది.

గోడవారగా నవలలు. పక్కనుంచి లావుదారంతో కుట్టి, వెన్ను మీద సిరాతో నంబరు వేసినవి. ప్రతి దాని మీదా కొట్టు ముద్ర, లోపల తేదీల వరస. యద్దనపూడి, యండమూరి, మల్లాది. మధుబాబు షాడో వరస ఒకటి. కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ యుగంధర్ చేతికి రాగానే ముందు చివరి పేజీ ఉందో లేదో చూసుకుంటారు. ఉంది. యద్దనపూడి నవల ఒకదాంట్లో అంచున పెన్సిలుతో "ఇక్కడ ఏడుపొచ్చింది" అని ఒక చేతిరాత. కింద మరో చేతిరాత: "నాకూ." ఆ ఇద్దరూ ఒకరికొకరు తెలిసి ఉండకపోవచ్చు.

అడుగు వరసలో పిల్లల పత్రికలు. చందమామలు ఒక్కటీ లేవు, అవెప్పుడో ఎవరో పట్టుకుపోయారు. కానీ బొమ్మరిల్లు సంచికలు కొన్ని మిగిలాయి. ఊపిరి బిగబట్టి తిరగేస్తారు. ఈ పత్రిక నడిపిన విజయ బాపినీడు ఏలూరు పక్కనున్న చాటపర్రు మనిషి. ఇక్కడి సి.ఆర్.రెడ్డి కాలేజీలో చదివి మద్రాసు వెళ్లారు. చందమామలో 'తోకచుక్క'తో మొదలుపెట్టి పిల్లల్ని నెలనెలా కూచోబెట్టిన దాసరి సుబ్రహ్మణ్యం బొమ్మరిల్లుకు 'మృత్యులోయ' ధారావాహిక రాసిచ్చారు. మీరు వెతికేది ఆ భాగాలున్న సంచికల కోసమే.

"అన్నా, అక్కడ క్యాసెట్లేమన్నా కనబడ్డాయా?"

పక్కన మరో కుర్రాడున్నాడని అప్పుడు గమనిస్తారు. చిరంజీవి అభిమాని. పాత క్యాసెట్లు, వాల్‌పోస్టర్లు, శతదినోత్సవ షీల్డులు పోగేస్తున్నాడట. ఇప్పుడు కావలసింది 'గ్యాంగ్ లీడర్' ఆడియో క్యాసెట్టు. మీకు నవ్వొస్తుంది. 1991లో వచ్చిన ఆ సినిమాకి దర్శకుడూ బాపినీడే. మొగల్తూరు హీరో, చాటపర్రు దర్శకుడు. పిల్లల పత్రిక కోసం మీరు, సినిమా పాటల కోసం అతను, ఒకే మనిషి జాడ పట్టుకుని ఒకే గదిలో దుమ్ము పీలుస్తున్నారు. ఆ సంగతి చెప్తే అతను సంచిక లాక్కుని సంపాదకుడి పేరు చూస్తాడు. మరుక్షణం ఫోన్ నంబర్లు మారతాయి. "డబుల్స్ ఏమన్నా ఉంటే చెప్పన్నా, మార్చుకుందాం."

మధ్యాహ్నం కైకలూరు బస్సు. ఊరు దాటగానే రోడ్డుకి రెండు వైపులా చేపల చెరువులు, గట్ల మీద గూడబాతులు. బుడమేరు, తమ్మిలేరు కొల్లేట్లోకి మోసుకొచ్చిన నీళ్లన్నీ పోయేది ఒక్క ఉప్పుటేరు గుండానే. అందుకే పెద్ద వానలకు ఇక్కడి లంక గ్రామాల్లో పుస్తకానికి చెదకన్నా నీళ్ల భయం ఎక్కువ.

అలాంటి ఊళ్లో ఒక పెంకుటింటి అరుగు మీద మామ్మగారు కూచుని ఉన్నారు. అటక మీంచి మనవడు ట్రంకుపెట్టె దించుతాడు. మూత తీయగానే కలరా ఉండల ఘాటు, దాని వెనకే ఎండిన వేపాకు వాసన. లోపల అచ్చు పుస్తకాలు కావు, ఇంటి బైండ్లు. వారపత్రికల్లోంచి ధారావాహిక పేజీలు కోసి, వరసగా పేర్చి, అట్టలు వేయించి కుట్టించినవి. బైండ్ల అడుగు అంచు పొడవునా ఒక మట్టిగీత, ఏదో ఏటి వరద వదిలిపోయింది. ఆ తర్వాతే పెట్టె అటకెక్కిందట.

"మా మేష్టారు కోసినవి నాయనా. పత్రిక రాగానే ముందు ఆయన చదవాలి, తర్వాత నేను, ఆ తర్వాతే కత్తెర."

పేజీ తిప్పితే ఒక వైపు కథ, బాపు బొమ్మ. రెండో వైపు సగం తెగిన గళ్లనుడికట్టు, కాఫీపొడి ప్రకటన, ఎవరో పాఠకుడి ఉత్తరంలో నాలుగు వాక్యాలు. ఇలాంటివి తర్వాత నవలగా అచ్చయినప్పుడు వారంవారం వేసిన ఆ బొమ్మలు చాలావాటిలో రాలేదు. అవి మిగిలింది ఇలాంటి బైండ్లలోనే.

వెల అడగడానికి మీరు నోరు తెరవకముందే ఆవిడ తల అడ్డంగా ఊపుతారు. "అమ్మను నాయనా. చదివి తెచ్చిస్తానంటే పట్టుకెళ్లు."

పట్టుకెళ్లే ధైర్యం మీకు లేదు. అరుగు మీదే చాప పరిచి, వెలుగున్నంతసేపూ ఒక్కో పేజీ ఫోన్లో ఫొటో తీస్తారు. మనవడు అంచులు పట్టుకుంటాడు. మామ్మగారు మధ్యలో ఆపి, కథ ఏ మలుపులో ఉందో అడిగి, తరువాయి మీకన్నా ముందు చెప్పేస్తుంటారు.

చందమామ పాత సంచికలు ఇవాళ కంప్యూటర్లో చదవగలుగుతున్నామంటే అందులో చాలా భాగం ఇలా దాచినవాళ్ల పుణ్యమే. మన జిల్లాల నుంచి మద్రాసు వెళ్లి సినిమాలు తీసినవాళ్లూ పత్రికలు నడిపినవాళ్లూ మళ్లీ కాగితమై మన తూకం కొట్లకే చేరారు. వాళ్లని గుర్తుపట్టాల్సింది మనమే. ఇల్లు సర్దేటప్పుడు పాత కట్ట కాటా మీద పెట్టేముందు ఒక్కసారి విప్పి చూడండి. పాటల పుస్తకం, నెలపత్రిక, ఇంటి బైండు కనబడితే పక్కన పెట్టండి. మీకు అక్కర్లేకపోతే ఊరి గ్రంథాలయాన్ని అడగండి, లేదా వెతుక్కుంటూ వచ్చే కుర్రాడికి ఇవ్వండి. పేరు, ఊరు, కొన్న తేదీ రాసి ఉన్న మొదటి పేజీని మాత్రం చింపకండి. ఆ ప్రతి వయసు, అది తిరిగిన దారి తెలిసేది దాన్ని బట్టే.