పెద్ద డ్రైవు ఎవరి కోసం?

1956 సెప్టెంబరులో ఐబీఎం ప్రకటించిన 305 రామాక్ యంత్రంలో డిస్క్ యూనిట్ ఒక్కటే దాదాపు టన్ను బరువు. 24 అంగుళాల వెడల్పున్న పళ్లేలు యాభై, ఒకే ఇరుసు మీద తిరుగుతుండేవి. ఇంతా చేస్తే అందులో పట్టేది 50 లక్షల అక్షరాలు. ఇప్పటి ఫోనుతో తీసిన మంచి ఫొటో ఒక్కటి దాచాలన్నా ఇరుకే. కాలిఫోర్నియాలోని శాన్ హోసేలో రేనాల్డ్ జాన్సన్ బృందం తయారుచేసిన ఈ యంత్రాన్ని ఐబీఎం నెలకు 3,200 డాలర్లకు అద్దెకిచ్చేది. సరుకు నిల్వలూ ఖాతాలూ చూసుకోవాల్సిన పెద్ద కంపెనీలే దాని గిరాకీ. ఇంట్లో డిస్కు అన్న ఊహ అప్పటికి ఎవరికీ లేదు.

ఆ తర్వాత డిస్కులో అన్నీ మారాయి గానీ ఈ వరస మాత్రం పెద్దగా మారలేదు. ఎక్కువ పట్టే డిస్కును ఎప్పుడూ ఎవరో పెద్ద కొనుగోలుదారు కోసమే తయారుచేస్తారు. ఇల్లు ఆ వెనకాల నడుస్తుంది, వాళ్లకు మిగిలినదానితో సర్దుకుంటుంది. ఇంటికోసం పెద్ద డ్రైవు కొనడమనే చిన్న చరిత్రంతా ఆ మిగులును వెతికి పట్టుకున్న చరిత్రే.

ఇల్లు ఈ కథలోకి వచ్చింది 1980లో. అలాన్ షుగార్ట్, ఫినిస్ కానర్ తదితరులు పెట్టిన కంపెనీ (తర్వాత దాని పేరే సీగేట్ అయింది) ఎస్‌టీ-506 అనే అయిదుంపావు అంగుళాల డ్రైవు తెచ్చింది. పట్టేది మళ్లీ 5 మెగాబైట్లే, కానీ డెస్కు మీద ఇమిడేది. 1983లో ఐబీఎం పీసీ ఎక్స్‌టీ 10 మెగాబైట్ల డిస్కుతో వచ్చింది. అయినా ఇళ్లలో అంత జాగాకు పెట్టడానికి ఏముంది? ఉత్తరాలు, లెక్కలు, ఒకటో రెండో ఆటలు. ఇంటికి సొంతంగా డేటా అంటూ పోగుపడింది తొంభైల చివర్లో, ఎంపీ3 పాటలూ డిజిటల్ కెమెరాలూ వచ్చాకే. సరిగ్గా అప్పుడే డిస్కుల సామర్థ్యమూ ఎగబాకింది. ఆల్బర్ట్ ఫెర్ట్, పీటర్ గ్రూన్‌బర్గ్ 1988లో విడివిడిగా కనుగొన్న అయస్కాంత ధర్మం ఆధారంగా, ఎంతో చిన్న గుర్తునూ చదవగల హెడ్లు తయారయ్యాయి. 1997లో ఐబీఎం ఆ హెడ్లతో 16.8 గిగాబైట్ల డెస్క్‌స్టార్ అమ్మింది. ఆ ఇద్దరికీ 2007లో నోబెల్ వచ్చింది.

మన దగ్గర ఆ రోజుల్లో సికింద్రాబాదు పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్లో అసెంబుల్డ్ పీసీ కట్టించుకునేవాళ్ల ప్రశ్న ఒక్కటే: ఎన్ని జీబీ? వారంటీ మాట రెండోది. డిస్కు పోతే ఏమిటన్నది చాలామందికి తోచేదే కాదు. అమెరికాలో ఆ పాఠం కాస్త ముందే మొదలైంది. 2000లో వచ్చిన ఐబీఎం డెస్క్‌స్టార్ 75జీఎక్స్‌పీ ఎంత వేగంగా పనిచేసిందో అంత తొందరగా పాడైపోయేదన్న ఫిర్యాదులు వెల్లువెత్తాయి. కొన్నవాళ్లు దాన్ని డెత్‌స్టార్ అని పిలిచారు, కోర్టుకూ వెళ్లారు. ఐబీఎం తన డిస్కు వ్యాపారాన్నే హిటాచీకి అమ్మేసింది. ఆ హిటాచీయే 2007లో 399 డాలర్లకు మొట్టమొదటి 1 టెరాబైట్ డ్రైవు తెచ్చింది. డబ్బా మీద 1 టీబీ, కంప్యూటర్లో పెడితే 931 జీబీ. కంపెనీ వెయ్యితో లెక్కిస్తుంది, విండోస్ 1024తో లెక్కిస్తుంది. మోసమేమీ లేదు గానీ, డబ్బా మీది అంకెనే నమ్మి కొనకూడదన్న అనుమానం ఇంటివాళ్లకు అక్కడే పుట్టింది. తర్వాతి ఏళ్లు ఆ అనుమానాన్ని బలపరిచాయే తప్ప తగ్గించలేదు.

2011 అక్టోబరులో థాయ్‌లాండ్‌లో వరదలొచ్చాయి. బాంగ్ పా-ఇన్‌లోని వెస్టర్న్ డిజిటల్ ఫ్యాక్టరీలోకి నీళ్లు వచ్చాయి. డ్రైవులకు మోటార్లు చేసే నిడెక్ కర్మాగారాలూ దెబ్బతిన్నాయి. ప్రపంచంలో తయారయ్యే డిస్కుల్లో దాదాపు నలభై శాతం ఆ ఒక్క దేశం నుంచే వస్తున్నాయని చాలామందికి అప్పుడే తెలిసింది. వారాల్లోనే ధరలు రెండు మూడు రెట్లయ్యాయి. ఇక్కడే, పెద్ద కొనుగోలుదారు ముందు, ఇల్లు వెనక అనే ఆ వరస ఒక్కసారి తలకిందులైంది. కాలిఫోర్నియాలో ఇతరుల బ్యాకప్‌లు దాచే బ్యాక్‌బ్లేజ్ అనే కంపెనీ విడి డ్రైవులు దొరక్క, ఇళ్లకోసం కాస్ట్‌కో, బెస్ట్ బై దుకాణాల్లో పెట్టిన యూఎస్‌బీ డ్రైవుల మీద పడింది. మనిషికి రెండే అని దుకాణాలు ఆంక్ష పెడితే, ఉద్యోగులూ వాళ్ల బంధుమిత్రులూ ఊరూరా తిరిగి కొనుక్కొచ్చారు. ప్లాస్టిక్ తొడుగు ఒలిచి, లోపలి డ్రైవును సర్వర్లో బిగించారు. ఒకసారికి డేటా సెంటరే ఇంటి సరుకు మీద బతికింది.

వరద తీసింది గానీ వారంటీలు వెనక్కి రాలేదు. సీగేట్ 2011 చివరి రోజు నుంచి తన మామూలు డెస్క్‌టాప్ డ్రైవులకు ఏడాది వారంటీయే ఇవ్వడం మొదలుపెట్టింది. వెస్టర్న్ డిజిటల్ కూడా చవకరకాలకు మూడేళ్లను రెండుకు దించింది. ఆ నెలల్లోనే శాంసంగ్ డిస్కు విభాగం సీగేట్ చేతికి, హిటాచీది వెస్టర్న్ డిజిటల్ చేతికి పోయాయి. తోషిబాతో కలిపి మిగిలింది ముగ్గురే. ముగ్గురే అమ్మే సంతలో బేరమెంత సాగుతుందో చెప్పనక్కర్లేదు.

ఒలిచే పద్ధతి మాత్రం ఇళ్లలో స్థిరపడింది. బయటి తొడుగుతో వచ్చే 8, 10 టీబీ డ్రైవులు, అదే సామర్థ్యమున్న విడి డ్రైవుకన్నా ఎంతో చవక. లోపల ఉండేది చాలాసార్లు డేటా సెంటర్ డ్రైవు కుటుంబానిదే, తెల్ల లేబుల్ వేసినది. కొన్ని డ్రైవులు పాత పవర్ కేబుల్‌తో తిరగనే తిరగవు, మూడో పిన్ను మీద 3.3 వోల్టులు తగలడం వల్ల. ఆ పిన్ను మీద కాప్టన్ టేపు ముక్క అంటిస్తే సరి. ఒకే సరుకును రెండు ధరలకు అమ్మే కంపెనీ ఉపాయాన్ని ఇంటివాళ్లు టేపుముక్కతో గెలిచారంటే నాకు ఇప్పటికీ ముచ్చటే.

2020 ఏప్రిల్ నాటి వ్యవహారంలో ముచ్చటేం లేదు. కొన్ని డ్రైవుల్లో డేటా జాడల్ని ఇంటి కప్పు పెంకుల్లా ఒకదాని అంచు మీద ఒకటి పడేట్టు రాస్తారు. జాగా కలిసొస్తుంది, కానీ ఒక జాడ మార్చాలంటే దాని పక్కవన్నీ మళ్లీ రాయాలి. అరుదుగా మార్చే డేటాకు పరవాలేదు. అయితే వెస్టర్న్ డిజిటల్ ఈ పద్ధతిని కొన్ని డిస్కులు కలిపి వాడుకోవడానికంటూ అమ్మే రెడ్ శ్రేణిలో 2 నుంచి 6 టీబీ డ్రైవుల్లో చెప్పకుండా పెట్టింది. పాడైన డిస్కు స్థానంలో కొత్తది పెట్టి డేటాను తిరిగి నింపబోతే, అది నెమ్మదించి డిస్కుల జట్టులోంచి జారిపోతోందని వాడుకర్లే పట్టుకున్నారు. దావాలు పడ్డాక కంపెనీ రెడ్ ప్లస్ అని మామూలు పద్ధతి డ్రైవులకు వేరే పేరు పెట్టింది. సీగేట్, తోషిబా కూడా తమ ఏ మోడళ్లలో ఈ పద్ధతి ఉందో అప్పుడే బయటపెట్టాయి.

ఈ తిరిగి నింపడమనేది అసలే ఎంత కష్టమో లెక్క వేస్తే తెలుస్తుంది. సెకనుకు 100 మెగాబైట్లు రాసే 1 టీబీ డిస్కు నిండడానికి మూడు గంటలు కూడా పట్టదు. 250 మెగాబైట్లు రాసే 20 టీబీ డిస్కుకు 22 గంటలు, అదీ ఆగకుండా రాస్తే. జాగా ఇరవై రెట్లయింది, వేగం రెండున్నర రెట్లే. అందుకే ఇంట్లో నాలుగు డిస్కుల పెట్టె కట్టుకోవడం కన్నా, మామూలు డిస్కులు రెండు కొని ఒకటి వేరే ఊళ్లో అన్నదమ్ముల ఇంట్లో ఉంచడమే నా దృష్టిలో మేలు.

2021లో చియా అనే క్రిప్టో నాణెం వచ్చి, ఖాళీ డిస్కు జాగాతోనే సంపాదించవచ్చనడంతో పెద్ద డ్రైవుల ధరలు మళ్లీ పెరిగాయి. మోజు తొందరగానే చల్లారింది, డ్రైవులు మిగిలాయి. 2025 జనవరిలో జర్మనీ పత్రిక హైజె, కొత్తవని అమ్ముడైన సీగేట్ ఎక్సోస్ డ్రైవులు నిజానికి వేల గంటలు తిరిగినవని బయటపెట్టింది. వాడకపు గంటలు చూపే మామూలు స్మార్ట్ లెక్కను ఎవరో చెరిపేశారు. ఫార్మ్ అనే మరో లాగ్‌ను మాత్రం ముట్టుకోలేదు. అవి చియా కోసం వాడినవేనన్న అనుమానం బలంగా వచ్చింది. ఎన్ని జీబీ అని అడిగే కాలం పోయి, డ్రైవు కొన్నాక ముందు దాని పూర్వాపరాలు విచారించే కాలం వచ్చింది.

సీగేట్ 2024 జనవరిలో లేజర్‌తో పళ్లేన్ని క్షణకాలం వేడిచేసి రాసే, 30 టీబీకి పైబడిన డ్రైవుల్ని ప్రకటించింది. ముందు వెళ్లింది క్లౌడ్ కంపెనీలకు. దుకాణాలకు 30 టీబీ డ్రైవు 2025 జులైలో, దాదాపు 600 డాలర్లకు వచ్చింది. కొన్ని నెలలకే ఏఐ కోసం కడుతున్న డేటా సెంటర్లు డ్రైవుల్ని ఊడ్చుకుపోవడంతో ధరలు మళ్లీ ఎక్కాయి. ఈ లేజర్ డ్రైవులు కూడా అక్కడ పని ముగించుకుని, పరీక్షించి తిరిగి అమ్మేవాటిగా ఇళ్లకు వస్తాయి. అప్పుడు తిరిగిన గంటలు చూస్తే చాలదు, లేజర్ ఎన్ని టెరాబైట్లు రాసిందో కూడా అడగాలి.