గీత దాకా, నిండా

బుధవారం పొద్దున్న పదిన్నర. పెదజాలారిపేట అంగన్‌వాడీ గుమ్మంలో చెప్పులు విడిచి లోపలికి రండి. ఇసక అప్పుడే కాలుతోంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం, కాబట్టి తెప్పలన్నీ ఒడ్డెక్కి ఉన్నాయి. వాటి నీడన మగవాళ్ళు వలలు బాగుచేసుకుంటున్నారు. దూరంగా, పోర్టులోకి పిలుపు కోసం లంగరేసుకున్న ఓడలు.

బల్ల మీద నీలం టీకా పెట్టె. అందరి చూపూ, భయమూ దాని మీదే. పక్కన ముదురు రంగు సీసా ఒకటుంది, దాన్నెవరూ పట్టించుకోరు. సీసా మీద నర్సమ్మ మూత తీసిన తేదీ రాసింది. ఆ రోజు నుంచి రెండు నెలలే వాడాలి. ఎండ తగిలితే మందు చెడుతుందని కిటికీకి దూరంగా జరిపింది.

మొదటి పాపకి తొమ్మిది నెలలు నిండాయి. తట్టు టీకా పడింది, ఏడుపు లంకించుకుంది. తెరిచిన ఆ నోరే నర్సమ్మకి కావాలి. ప్లాస్టిక్ చెంచాలో సగం గీత దాకా 1 మి.లీ., అంటే లక్ష యూనిట్ల విటమిన్ ఏ. పసుపుపచ్చని జిడ్డుమందు నాలుకకి తగలగానే ఏడుపు ఠక్కున ఆగింది. ఇదేం రుచిరా అన్నట్టు మొహం పెట్టి, మళ్ళీ అందుకుంది.

తరవాత మూడేళ్ళవాడు.

"సందేళ గుంటడికి చూపు ఆనతందా? గడప తన్నుకోడం లేదుగా?"

"లేదమ్మా, సీకట్లోనే పరుగులు."

అయినా రెప్ప లాగి తెల్లగుడ్డు చూసింది. విటమిన్ ఏ లోపానికి గుర్తైన నురగలాంటి మచ్చల కోసం. 1863లో ఫ్రెంచి వైద్యుడు బిటో వర్ణించినవి అవే. ఉంటే ఈ ఒక్క చెంచాతో వదలరు. చికిత్స మోతాదులు వేరు, డాక్టరు చూడాలి. రేచీకటిని నిర్లక్ష్యం చేస్తే నల్లగుడ్డు మెత్తబడిపోతుంది. అక్కడిదాకా వస్తే పోయిన చూపు మందుతో తిరిగి రాదు.

వీడికి చెంచా నిండా 2 మి.లీ., రెండు లక్షల యూనిట్లు.

"ఇంకో సెంచా కూడా ఏసెయ్యమ్మా, మల్లా ఆర్నెల్లకి రాలేను."

నర్సమ్మ నవ్వలేదు. "ఎక్కువైతే వాంతులు, తలనొప్పి. లెక్కంటే లెక్కే."

ఆ మాట ఊరికే అన్నది కాదు. 2001లో అస్సాంలో ఈ చెంచా బదులు అంతకంటే పెద్ద కప్పులు పంచారు, పిల్లలు జబ్బుపడ్డారు. అది చదివినప్పటి నుంచీ ఈ చెంచాని నేను చిన్నచూపు చూడను.

ఆర్నెల్లకోసారి ఎందుకంటారా? కొవ్వులో కరిగే విటమిన్ కనక కాలేయం దాన్ని దాచుకుని కొద్దికొద్దిగా ఖర్చుపెడుతుంది. వేట లేని రోజులకని ఈ పేటలో ఎండుచేపలు దాచుకోరూ, అలాగ. పెద్ద మోతాదు ఒకేసారి నోట్లో పోసి చూసే పని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు చేశారు. దాని మీదే 1970లో దేశమంతటా కార్యక్రమం మొదలైంది. అంతకుముందు సొరచేప కాలేయం నూనే ఈ విటమిన్‌కి పేరున్న మందు. సముద్రం పక్క పేటలో అదే విటమిన్ కోసం సీసా తెరుస్తుంటే నాకు కాస్త వింతగానే ఉంది. మునగాకు, బొప్పాయి తినిపించమని నర్సమ్మ చెబుతూనే ఉంది. తల్లులు తలూపుతూనే ఉన్నారు.

మధ్యాహ్నానికి గది ఖాళీ. కార్డులు తిరగేస్తే ఒకటే తీరు: తొమ్మిది నెలలప్పటి గడి నిండి ఉంది, ఏడాదిన్నర నాటిదీ నిండి ఉంది. ఆ రెండుసార్లూ సూది ఉంది మరి! తరవాత అయిదేళ్ళ దాకా ఏడు చెంచాలు మిగిలాయి. వాటిలో ఎక్కువ వాటికి తోడు సూది లేదు, గడులూ ఖాళీ. మనవాళ్ళకి సూదంటేనే వైద్యం.

మీ ఇంట్లో అయిదేళ్ళలోపు పిల్లలుంటే ఈ పూటే టీకా కార్డు తీయండి. విటమిన్ ఏ గడులు మొత్తం తొమ్మిది ఉండాలి. వయసుకి తగ్గట్టు ఎన్ని నిండాయో చూసి, బుధవారమో శనివారమో వెళ్ళి అడగండి. డబ్బులేం తీసుకోరు.