ఇస్నాపూర్ పారిశ్రామిక వాడల్లో ఒప్పించే మాట: పిలుపు, కారణం, పని

ప్రవేశిక

65వ జాతీయ రహదారి మీద పటాన్‌చెరు దాటి సంగారెడ్డి వైపు వెళ్తే ఇస్నాపూర్ వస్తుంది. పక్కనే పాశమైలారం పారిశ్రామిక వాడ. ఇక్కడి కర్మాగారాల్లో స్థానికులతోపాటు బీహార్, ఉత్తరప్రదేశ్, ఒడిశాల నుంచి వచ్చిన కార్మికులు పనిచేస్తున్నారు. 2025 జూన్ 30న పాశమైలారంలోని సిగాచి ఇండస్ట్రీస్‌లో జరిగిన పేలుడులో 40 మందికి పైగా మరణించారు. మృతుల్లో ఎందరో వలస కార్మికులు. ఆ ప్రమాద కారణాల చర్చ ఈ వ్యాసం పరిధిలోకి రాదు. అయితే ఇలాంటి చోట మాట ఎదుటివాడి మనసుకు ఎక్కడం ప్రాణంతో ముడిపడిన విషయం. రోజువారీ సంభాషణలో ఏ మాట ఒప్పిస్తుందో, ఎందుకు ఒప్పిస్తుందో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. ఉదాహరణ వాక్యాలు విశ్లేషణ కోసం కూర్చుకున్నవి.

పిలుపు

లొంగడం వేరు, ఒప్పుకోవడం వేరు. సూపర్‌వైజర్ అటు వెళ్లగానే గ్లౌజులు తీసేస్తే అది లొంగడం. ఎవరూ చూడకపోయినా వేసుకుంటే ఒప్పుకోవడం. ‘ఏయ్, ఇటు రా’ అనే పిలుపు మొదటిదాన్నే సాధిస్తుంది. ‘అన్నా’, ‘భాయ్’, ‘తమ్మీ’ అన్న పిలుపులు వినేవాణ్ణి మనలో ఒకడిగా నిలబెడతాయి. మర్యాద గురించి భాషా పరిశోధకులు బ్రౌన్, లెవిన్సన్‌లు చేసిన సిద్ధాంతీకరణలోనూ ఇలాంటి ఆత్మీయ సంబోధనకు స్థానం ఉంది. అయితే కూలి సంగతి ఎత్తకుండా ‘తమ్మీ, ఇయ్యాల ఓటీ చెయ్యి’ అంటే ఆ చుట్టరికం దోపిడీకి ముసుగవుతుంది. నిజాయితీ లేని పిలుపు నాలుగు రోజుల్లోనే విలువ కోల్పోతుంది.

కారణం

1978లో మనస్తత్వ శాస్త్రవేత్త ఎలెన్ లాంగర్ బృందం ప్రచురించిన ప్రయోగం ఇక్కడ పనికొస్తుంది. జిరాక్స్ యంత్రం దగ్గర ఉన్నవారిని, ముందు తమను 5 పేజీలు తీసుకోనివ్వమని అడిగారు. కారణం చెప్పనప్పుడు 60 శాతం, అసలు కారణం చెప్పినప్పుడు 94 శాతం, కొత్తగా ఏమీ చెప్పని ఉత్తుత్తి కారణం ఇచ్చినప్పుడు 93 శాతం ఒప్పుకున్నారు. అదే 20 పేజీలకు ఉత్తుత్తి కారణం పనిచేయలేదు: 24 శాతమే. అసలు కారణానికి 42 శాతం ఒప్పుకున్నారు. అంటే చిన్న కోరికకు కారణం లాంటిది ఏదున్నా చాలు, పెద్ద కోరికకు నిజమైన కారణమే కావాలి.

ఎండాకాలం షిఫ్టంతా మాస్క్‌తో పనిచేయమనడం పెద్ద కోరికే. ‘కంపెనీ రూలు, పెట్టుకోవాలె’ అన్నది అక్కడ ఉత్తుత్తి కారణం కిందికే వస్తుంది. ‘అన్నా, డ్రమ్ము మూత తీయంగనే ఆవిరి మొఖానికి కొడ్తది. ముందుగాల్నే మాస్క్ పెట్టుకో’ అన్న మాటలో పిలుపు ఉంది, కారణం ఉంది, చేయాల్సిన పని ఉంది, ఎప్పుడు చేయాలో కూడా ఉంది. ‘జాగ్రత్తగా ఉండు’ అన్నప్పుడు ఇవేవీ ఉండవు.

భాష

నోటీసులు ఇంగ్లీషుతోపాటు కార్మికుల్లో అధికులకు అర్థమయ్యే భాషలోనూ ఉండాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 108వ సెక్షన్ నిర్దేశించింది. ‘రక్షణ పరికరములు విధిగా ధరించవలెను’ అన్న బోర్డు చూడటానికి తెలుగే. కానీ ‘హెల్మెట్, గ్లౌజులు, అద్దాలు పెట్టుకున్నాకే లోపలికి రండి’ అన్నదే కార్మికుడి తెలుగు. మిగతావారికి ఇదే మాట హిందీలో, ఒడియాలో అందాలి.

ముగింపు

ఒప్పించే మాటకు గౌరవించే పిలుపు, నిజమైన కారణం, స్పష్టమైన పని మూడూ కావాలి. అవి కార్మికుడి సొంత మాటల్లో ఉండాలంటే ముందు ఆ మాటలను సేకరించాలి. భద్రిరాజు కృష్ణమూర్తి 1962లో వ్యవసాయ పదాలతో మాండలిక వృత్తి పదకోశాన్ని వెలువరించారు. రసాయన, మందుల కర్మాగారాల్లో కార్మికులు వాడే మాటలకూ అలాంటి కోశం అవసరం. విశ్వవిద్యాలయాల తెలుగు శాఖలు ఆ పనిని ఇస్నాపూర్ నుంచే మొదలుపెట్టాలి.