రోమా? నైలా?

రోమన్ రాష్ట్రానికి గవర్నరై ఊరు కట్టాలా, నైలు ఒడ్డున పిరమిడ్ లేపాలా? నగర నిర్మాణ గేములు ఆడేవాళ్ళ మధ్య పాతికేళ్ళుగా తెగని పంచాయితీ ఇది. సీజర్ 3 వచ్చింది 1998లో, ఫారో 1999లో. రెండూ ఇంప్రెషన్స్ గేమ్స్ సంస్థ చేసినవే. లోపలి యంత్రాంగం కూడా ఒక్కటే. పైపైన చూస్తే పాలరాతి స్తంభాలు తీసి మట్టి ఇటుకల గోడలు పెట్టారంతే అనిపిస్తుంది. ఆడితే గానీ తేడా తెలియదు.

సీజర్ 3లో ఊరి బతుకంతా వీధుల్లో తిరిగే మనుషుల కాళ్ళ మీద నడుస్తుంది. అంగడి నుంచి బయల్దేరిన ఆవిడ ఏ గుమ్మం ముందు నుంచి వెళ్తే ఆ ఇంటికే తిండి. కూడలిలో ఆమె ఎటు తిరుగుతుందో చెప్పలేం. వేరే సందు పట్టిందా, నిన్నటిదాకా మేడలో ఉన్నవాళ్ళు గుడిసెకు దిగిపోతారు. ప్రిఫెక్ట్ అనే కాపలాదారు మంటలూ ఆర్పుతాడు, దొంగలనూ పడతాడు. కల్పన అనుకోనక్కర్లేదు: క్రీ.శ. 6లో అగస్టస్ చక్రవర్తి రోమ్‌లో పెట్టిన విజిలెస్ దళం నిప్పునీ, రాత్రి వీధుల్నీ కలిపే కాచేది. ఇళ్ళు విల్లాలుగా ఎదిగాక ఇంకో తంటా. అందులోని దొరలు పన్ను కడతారు గానీ పనిలోకి రారు. మనుషుల్లేక వర్క్‌షాపులు పడకేస్తాయి.

ఫారోలో పెత్తనం నదిది. ఏటా వరద వచ్చి పొలాలను ముంచుతుంది. తీశాక ఒండ్రు మీద పంట. గోదావరి లంకల రైతుకు ఇది విడమర్చి చెప్పక్కర్లేదు. ఒసిరిస్ దేవుడికి గుళ్ళూ ఉత్సవాలూ తక్కువైతే వరదా తగ్గుతుంది, గాదెలూ వెలవెలబోతాయి. (ఈజిప్షియన్లు వరదకు కొలిచిన దేవుడు హాపి. గేమ్ అతన్ని పక్కనపెట్టింది.) పొలానికి మనుషులను పంపే శిబిరమే పిరమిడ్‌కూ పంపుతుంది. వాళ్ళు రైతుకూలీలు, సినిమాల్లో చూపే కొరడా దెబ్బల బానిసలు కారు. గేమ్ వచ్చిన దశాబ్దంలోనే గీజాలో పురావస్తు శాస్త్రవేత్త మార్క్ లెహ్నర్ బృందం పిరమిడ్ పనివాళ్ళకు రొట్టెలు కాల్చిన బట్టీలను తవ్వి తీసింది. అయితే తూరా సున్నపురాయిని పడవల్లో గీజాకు చేర్చిన మేరర్ అనే అధికారి రోజువారీ లెక్కల పపైరస్‌లు గేమ్ తయారైన నాటికి ఇంకా భూమిలోనే ఉన్నాయి. ఎర్రసముద్రం ఒడ్డున వాదీ అల్ జర్ఫ్‌లో అవి బయటపడింది 2013లో.

చరిత్ర రుచి కావాలంటే ఫారోనే ఎంచుకోవాలి. సీజర్ 3 చదరంగం మనసున్నవాళ్ళది. అందులో తిరిగే మనుషులు దారి తప్పకుండా రోడ్డును ఎక్కడ తెంచాలన్నదే అసలు విద్య. ఫారో వాళ్ళను అడ్డుకునే రోడ్‌బ్లాక్ ఇచ్చి ఆ తలనొప్పిని చాలావరకు తీసేసింది.

ఇంప్రెషన్స్ 2004లో మూతపడింది. ఫారో 2023లో ‘ఎ న్యూ ఎరా’ పేరుతో కొత్త బొమ్మలు తొడుక్కుని వచ్చింది. సీజర్ 3ను అభిమానులే జూలియస్, అగస్టస్ అనే ఉచిత ప్రోగ్రాములతో ఇప్పటి కంప్యూటర్లకు తెచ్చారు. రెండోదాంట్లో రోడ్‌బ్లాక్ కూడా ఉంది.