పాము కాళ్ళు

పాము కాళ్ళు పాముకెరుక అని మన సామెత. ఒక ఆదివారం మధ్యాహ్నం లాప్‌టాప్‌లో నేను ప్రోగ్రాము రాసి తయారుచేసిన పాము ఉన్నచోటే మెలికలు తిరుగుతుంటే అది గుర్తొచ్చింది. పది ముక్కలు, తొమ్మిది కీళ్ళు, తల నుంచి తోక దాకా పాకే ఒక అల. అంతా సరిగ్గానే ఉంది. పాము మాత్రం ముందుకు పోదు! తప్పు వెతుక్కుంటూ పోయి పాత కాగితాల్లో పడ్డాను.

1946లో కేంబ్రిడ్జి జంతుశాస్త్రవేత్త జేమ్స్ గ్రే పాముల నడక మీద ఒక వ్యాసం ప్రచురించాడు. అలలా మెలికలు తిరగడం, ఇరుకులో ముడుచుకుని సాగడం, ఇసుకలో పక్కవాటుగా పోవడం, తిన్నగా పాకడం - ఇలా నాలుగు రకాల నడకల్ని విడదీసి, వాటి వెనకున్న బలాల్ని లెక్కగట్టాడు. మెలిక తిరిగిన ఒళ్ళు రాయినో గడ్డిదుబ్బునో పక్కకి నెడుతుంది. అది తిరిగి నెట్టే బలంలో కొంత పాముని ముందుకు తోస్తుంది. మనం అడ్డు అనుకునేదే దానికి ఆసరా.

గ్రే జంతువుని చదివాడు. షిగెవో హిరోసె యంత్రాన్ని కట్టాడు. 1972లో టోక్యో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో అతను నడిపించిన పాము రోబోకి ఇరవై కీళ్ళు, రెండు మీటర్ల పొడవు. సెకనుకి 40 సెంటీమీటర్ల వేగం. కింద చిన్న చక్రాలున్నాయి గానీ వాటిని తిప్పే మోటారు లేదు. ముందుకి జారనివ్వడం, పక్కకి జారకుండా పట్టుకోవడం, అంతే వాటి పని. నా తప్పు అక్కడ దొరికింది. నా ప్రోగ్రాములో రాపిడి అన్ని దిక్కులకీ ఒకటే. ఒక్క అంకెని రెండుగా విడగొట్టగానే పాము కదిలింది.

అసలు పాముకి ఆ చక్రాల పని పొట్ట పొలుసులు చేస్తాయి. 2009లో డేవిడ్ హు బృందం ఆ రాపిడిని కొలిచింది. పాము ఒంట్లో కొన్ని భాగాలు కాస్త పైకెత్తి, బరువుని కావలసిన చోటే మోపుతుందని కూడా చూపించింది.

ఇదంతా ఎందుకంటే, కూలిన ఇళ్ళ సందుల్లోకి మనిషి దూరలేడు కాబట్టి. 2017 సెప్టెంబరులో మెక్సికో సిటీ భూకంపం తర్వాత కార్నెగీ మెలన్ యూనివర్సిటీ పాము రోబో శిథిలాల్లోకి వెళ్ళింది. లోపలి దృశ్యాలు పంపింది. బతికున్నవాళ్ళెవరూ కనబడలేదు.

దీన్ని ఓటమి అనడానికి నాకు మనసొప్పదు. కానీ గ్రే చెప్పినదాంట్లో సగమే మనం నేర్చుకున్నామనిపిస్తుంది. పాము తన దారిలో ఉన్న రాయిని ఒళ్ళంతటితో తెలుసుకుంటుంది. మనం రోబో తలకి కెమెరా పెట్టాం. తాకితే తెలిసే చర్మాన్ని దాని ఒళ్ళంతా ఇంకా సరిగ్గా కప్పలేకపోయాం. శిథిలం దానికింకా అడ్డుగానే ఉంది, ఆసరా కాలేదు.