దక్షిణ ఆస్ట్రేలియా ఎడారిలో ఒంటెల బాట

దక్షిణ ఆస్ట్రేలియా రాష్ట్రానికి వెళ్ళే యాత్రికులకు ముందుగా చూపించేవి ఫ్లిండర్స్ పర్వతశ్రేణి, దాని నడుమ పెద్ద గిన్నెవలె ఉన్న విల్పెనా పౌండ్, ఎప్పుడో గాని నిండని ఐర్ ఉప్పు సరస్సు. ఇవన్నీ చూడదగినవే. అయితే అదే దారిలో ముస్లిం పాఠకుడు ఆగి చూడవలసిన స్థలాలు మరికొన్ని ఉన్నాయి. చరిత్ర తెలియనివారికి అవి కొన్ని ఖర్జూరపు చెట్లు, కొన్ని సమాధులు మాత్రమే.

గుర్రాలు, ఎద్దులు నీరు లేక కూలిపోయే ఆ నేలకు 1866లో థామస్ ఎల్డర్ అనే సంపన్న వర్తకుడు కరాచీ నుండి నూటికి పైగా ఒంటెలను, వాటిని నడిపే మనుషులను తెప్పించాడు. బెల్టానాలోని ఆయన పశుక్షేత్రం ఒంటెల పెంపకానికి కేంద్రమయింది. 1870-72 మధ్య ఖండానికి అడ్డంగా డార్విన్ వరకు సుమారు 3,200 కిలోమీటర్ల తంతి మార్గం వేసినప్పుడు ఈ ఒంటెలు సామగ్రి మోశాయి. మారుమూల గొర్రెల క్షేత్రాలకు పిండి, చక్కెర, తేయాకు చేర్చి, తిరుగు ప్రయాణంలో ఉన్ని బేళ్ళు తెచ్చినవి కూడా ఇవే.

ఒంటెలను నడిపినవారందరినీ అక్కడి తెల్లవారు ‘అఫ్గానులు’ అన్నారు. దానినే కుదించి ‘ఘాన్’ అన్నారు. నిజానికి వారిలో కాందహారు, పెషావరు పఠాన్లే గాక బలూచీలు, సింధీలు, పంజాబీలు కూడా ఉన్నారు. వీరిలో అనేకులు నాటి బ్రిటిష్ ఇండియా ప్రజలు. ఒకే పేరు కింద ఇన్ని ఊళ్ళు, ఇన్ని భాషలు మరుగునపడ్డాయి.

వారి ప్రధాన మజిలీ మారీ. ఊరి నడుమ రైలుపట్టా. ఒకవైపు తెల్లవారు, రెండవవైపు ఒంటెలవారు, ఆదివాసులు. శ్మశానంలో సైతం ఇదే విభజన. భార్యలను స్వదేశం నుండి తెచ్చుకోలేని వీరిలో పలువురు అక్కడి ఆదివాసి స్త్రీలను, ఐరోపా స్త్రీలను వివాహమాడారు. ఇక్కడి మట్టిగోడల మస్జిద్ ఆ దేశపు తొలి మస్జిదులలో ఒకటి. అది శిథిలమైపోగా, దాని నమూనా ఒకటి నేడు ఊరిలో ఉన్నది. 1896లో కాల్వర్ట్ అన్వేషక బృందంతో ఎడారిలో నడిచిన బలూచీ బెజా దర్వేష్ 1957లో మరణించాడు.

అడిలైడ్ నగరంలోని లిటిల్ గిల్బర్ట్ వీధి మస్జిద్ 1888-89లో కట్టబడింది. దాని నిర్మాణానికి పూనుకున్న హాజీ ముల్లా మెర్బాన్ సమాధి ఉత్తరాన కవర్డ్ స్ప్రింగ్స్ వద్ద ఉన్నది. నాలుగు మినార్లు 1903లో లేచాయి. అక్కడ నేటికీ నమాజు జరుగుతున్నది.

ఇంత సేవకు లభించిన ప్రతిఫలమేమి? 1901 వలస చట్టం కొత్తవారికి తలుపులు మూసింది. 1903 చట్టం ఆసియావారికి పౌరసత్వమే నిరాకరించింది. లారీలు వచ్చి ఒంటెల అవసరం తీరిన తరువాత, 1925లో దక్షిణ ఆస్ట్రేలియా ఒంటెల సంహారానికి చట్టం చేసింది. పెంచిన చేతులతో చంపలేక చాలామంది వాటిని ఎడారిలోకి వదిలివేశారు. నేటి అడవి ఒంటెలు వాటి సంతతే.

మారీ మీదుగా నడిచిన పాత రైలుమార్గం 1980లో మూతపడింది. కొత్త మార్గంలో 2004 నుండి డార్విన్ వరకు పోతున్న విలాసవంతమైన రైలు పేరు మాత్రం నేటికీ ‘ది ఘాన్’. ఏ మనుషులకు పౌరసత్వం నిరాకరించారో వారి పేరే యాత్రికులకు ఆకర్షణ అయింది. ఆ దారిన వెళ్ళేవారు రైలు కిటికీలోంచి చూసి సరిపెట్టుకోక, మారీ శ్మశానం వరకు వెళ్ళి, రాళ్ళపై మిగిలిన పేర్లు చదివి, వారి మగ్‌ఫిరత్ కొరకు దుఆ చేయడం సముచితం.